కారం మానేసిన వీధి

ఆ రోజుల్లో దేశం కోసం ఏదో ఒకటి వదులుకోకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. కార్గిల్‌లో యుద్ధం నడుస్తున్న వేసవి అది. నాకు ఇరవై రెండేళ్లు. గుంటూరులో ఒక మిర్చి కొట్టులో కొత్తగా గుమాస్తా ఉద్యోగం (తుమ్ములు అదనం). మా ఎదురింటావిడని అందరం మిలిటరీ అత్తయ్య అనేవాళ్లం, ఆవిడ ఒక్కగానొక్క కొడుకు సైన్యంలో ఉన్నాడు కాబట్టి. యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ అతని కబురు లేదు. కొడుకు గొంతు వినేదాకా కారం ముట్టనని ఆవిడ మొక్కుకుంది.

ఈ సంగతి తెలియగానే నాలో దేశభక్తి పొంగింది. సాయంత్రం అరుగెక్కి, "ఆవిడొక్కతే ఎందుకు? వీధంతా మానేద్దాం, మిగిలిన కారం జవాన్లకి పంపిద్దాం" అని ఉపన్యాసం దంచాను. అందరూ చప్పట్లు కొట్టారు (ఎవరూ అప్పటికింకా రాత్రి భోజనం చెయ్యలేదు). కారం పంపడానికి తెల్లగుడ్డ సంచులు తాను కుట్టిస్తానని మా దర్జీ మామయ్య మాటిచ్చాడు.

రెండు రోజులకే వీధిలో పలకరింపులు ఆగిపోయాయి. మా నాన్న కంచం ముందు కూర్చుని, "నాకేమన్నా జొరమొచ్చిందా? ఈ పథ్యమేంటే?" అని అరిచేవాడు. "నన్నంటారేం, మీ కూతుర్నడగండి" అనేది అమ్మ. దర్జీ మామయ్య నా జాకెట్టుకి రెండూ ఎడమ చేతులే కుట్టేసి, "కారం లేకపోతే చెయ్యి ఆడట్లేదమ్మా, ఏం చేసేది?" అన్నాడు. నేను మాత్రం పగలంతా కొట్లో మిరపఘాటు పీల్చి నెట్టుకొచ్చాను. పీల్చడం తినడం కిందికి రాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

ఒక ఆదివారం వీధి చివర టెలిఫోన్ బూత్ నుంచి కేక వినిపించింది: "అత్తా, మీవాడే! తొరగా రా!" ఆవిడ వెనకాల వీధంతా పరిగెత్తాం. లైను బాగాలేక అవతల అతను అరుస్తున్నాడేమో, అందరికీ వినపడుతోంది.

"నేను బానే ఉన్నానమ్మా. నువ్వేం తిన్నావ్?"

"చప్పిడి పప్పు, నాయనా. నీ గొంతు వినేదాకా కారం ముట్టనని మొక్కుకున్నా. నాతోపాటు వీధంతా మానేశారు."

"ఎవరే ఆ సలహా ఇచ్చింది?" (నేను దర్జీ మామయ్య వెనక్కి చేరాను.) "ఇక్కడ చలిలో చప్పిడి రొట్టె నవుల్తా, మా అమ్మ ఈపాటికి వేడన్నంలో కొత్తకారం కలుపుకుంటా ఉంటది అనుకుంటేనే నాకు ముద్ద దిగుద్ది. అది కూడా లేకండా చేశారా?"

ఆవిడ నవ్విందో ఏడ్చిందో చెప్పలేను. ఇంటికొచ్చి అన్నం వండి పెద్ద బేసిన్లో పోసి, కొత్తకారం, నెయ్యి కలిపి అందరి చేతుల్లో తలో ముద్ద పెట్టింది. బుసలు కొడుతూ తిన్నాం. మర్నాడు సంచులు నిండుగా బయల్దేరాయి.

ఇప్పటికీ టీవీలో సరిహద్దు వార్తలు వస్తే అరుగెక్కిన ఆ పిల్ల గుర్తొస్తుంది. దేశం కోసం ఏం మానెయ్యాలా అని వెతుక్కునేది. దాన్ని తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది. అంత దూరాన ఆ అబ్బాయి కాపలా కాస్తున్నది మేం ఇంట్లో కడుపునిండా తినే ఆ కారంముద్దకేనని పాపం దానికేం తెలుసు!