ఎర్ర గింజల పూర్ణం

మెర్డేకాకు, అంటే మలయా స్వాతంత్ర్యానికి, ముందటి ఏడు, ఆగస్టు నెల, సోమవారం, తెల్లవారుతుండగా. హాజరు: నేను, గేటు కాపలాదారు, చీనా దుకాణం ముసలమ్మ, ఒక ఖాళీ పళ్ళెం. (డైరీలో పళ్ళేనికి కూడా హాజరు వేశాను.)

ఆ రోజుల్లో సుంగై సుమున్ దగ్గరి రబ్బరు తోటలో నేను కొత్త గుమస్తాను. దేన్నైనా రాసిపెట్టుకుంటే అర్థమైపోయినట్టే అనుకునేవాణ్ణి. కమ్యూనిస్టు తిరుగుబాటును అణచడానికి తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ కాలం. అడవిలో దాక్కున్నవాళ్ళకు తిండి అందకూడదని తోట చుట్టూ ముళ్ళకంచె వేశారు. మెతుకు బయటికి పోతే జైలే. నిండు చూలాలైన మా అక్కకు రక్తం తక్కువైంది. గింజల్లో ఇనుముంటుంది, పెట్టమని తోట కాంపౌండరు చెప్పాడు. సరిగ్గా ఆ నెలలోనే కంచె పక్కన పళ్ళెంలో రోజూ ఒక పావ్ కనిపించసాగింది: ఆవిరి మీద ఉడికిన తెల్లని బన్ను, లోపల ఎర్ర గింజల తీపి ముద్ద, అచ్చం మన పూర్ణం. మంచులో అగరొత్తి వెలుగుతుండేది. మనిషి జాడ ఉండేది కాదు. పావ్ మాత్రం వెచ్చగా ఉండేది. దేవుడికి పెట్టింది ప్రసాదమే కదా అని కళ్ళకద్దుకుని జేబులో వేసుకునేవాణ్ణి.

"ఏటిరా, ఇయ్యేల కూడా ఇచ్చినాడా నీ దేవుడు?" అనేది అక్క, తింటూనే. "రెండిస్తే ఆయన సొమ్మేటి పోద్ది?"

ఆ సోమవారం కాపలాదారు ముసలమ్మను పట్టుకున్నాడు. "రోజూ పళ్ళెం ఖాళీ! కంచె సందులోంచి ఎవడు తీస్తున్నాడు? నడు స్టేషనుకి."

"నా కొడుకే," అంది ముసలమ్మ మలాయ్‌లో. "జపాను వాళ్ళ కాలంలో పోయాడు. చచ్చినవాళ్ళు ఈ నెలలో ఆకలితో తిరుగుతారు. ఇన్నేళ్ళూ ముట్టలేదు. ఈ ఏడే తింటున్నాడు." ఆమె మొహం వెలిగిపోతోంది.

చెబితే ఆమె కొడుకు మళ్ళీ చచ్చిపోతాడు. చెప్పకపోతే ఆమె జైలుకు పోతుంది.

"నేనే తీశాను. మా అక్క కోసం."

"హంతూ గుమస్తా!" కాపలాదారు పగలబడి నవ్వాడు. (హంతూ అంటే దయ్యం.) ఆమె చెయ్యి వదిలేశాడు.

ముసలమ్మ నవ్వలేదు. నన్నే చూస్తూ, "మరి నిన్న?" అంది.

నిన్న ఆదివారం. నేను జ్వరంతో మంచం దిగలేదు. కాపలాదారు నవ్వు ఆగిపోయింది.

ఆ ముద్దలో ఇనుము కంటే చక్కెరే ఎక్కువని, నాకు తీపి మాన్పించిన డాక్టరు ఈమధ్య చెప్పాడు. అక్క మాత్రం బొద్దుపిల్లను కన్నది. అన్నీ రాసిపెట్టుకున్న ఆ కుర్ర గుమస్తాను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, మర్నాటి పేజీ తిప్పేదాకా.

మర్నాడు ఉదయం పళ్ళెంలో రెండు పావ్‌లున్నాయి. ముసలమ్మ దూరంగా నిలబడి, ఒకటి తీసుకోమన్నట్టు చెయ్యి ఊపింది. తీసుకుని నాలుగడుగులు వేసి వెనక్కి చూశాను. పళ్ళెం ఖాళీ. హాజరు: నేను, ముసలమ్మ. మూడో పేరుకు చోటు వదిలాను.