తల్లి గొర్రె చెప్పిన జవాబు

2023లో, ఎం.ఏ. సైకాలజీ పూర్తయిన కొత్తలో, సూర్యాపేట కేంద్రంగా సాగుతున్న ఒక పరిశోధనలో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరాను. పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి పెద్దవాళ్ల జ్ఞాపకశక్తిని పరీక్షించడం నా పని. మాది మిర్యాలగూడ. కొత్త ఇంటి తలుపు తట్టడానికే జంకే మనిషిని. చేతిలోని ఫారమే నాకు ధైర్యం.

గరిడేపల్లి దగ్గర ఒక ఊళ్లో మల్లమ్మను కలిశాను. డెబ్బై దాటిన వయసు, అరవై గొర్రెల మంద. ఈ రోజు తేదీ ఎంత అని అడిగితే, "అమాస పోయి నాలుగొద్దులాయె" అంది. ఫారం ప్రకారం సున్నా. గడియారం బొమ్మ గీయమంటే పెన్ను తిరగేసి పట్టుకుంది. వందలోంచి ఏడేసి తీసేయమంటే నవ్వింది. ముప్పైకి పదకొండు వచ్చాయి.

స్కోరు ఎవరికీ చెప్పకూడదు. కాన్ఫిడెన్షియాలిటీ, అంటే గోప్యత, మాకు నేర్పిన మొదటి నియమం. కానీ ఆమె కొడుకు లింగయ్య గట్టిగా అడిగేసరికి కాదనలేక చెప్పేశాను.

"సూసినవా అవ్వా! మతి తప్పుతుందంటే ఇనవైతివి. ఇగ మంద అమ్ముదాం. నువ్వు తప్పిపోతే యాడ దేవులాడాలె?"

ఇది స్క్రీనింగ్ మాత్రమే, రోగ నిర్ధారణ కాదన్నాను. ఆ మాట నాకే వినపడలేదు.

మల్లమ్మ నా వైపు తిరిగింది. "నీకొచ్చినయి అడిగినవ్. నాకొచ్చినయి గూడ అడుగు బిడ్డా. మంద మళ్లేటాళ్లకు రా."

గొర్రెలు మేతకు పోతే పిల్లలు పగలంతా దొడ్లోనే ఉంటాయి. సాయంత్రం మంద తిరిగొచ్చాక ఆమె చెప్పింది: "నీకిష్టమొచ్చిన పిల్లను పట్టు. ఏ గొర్రెదో నేను జెప్త. అప్పుడు ఇడిసిపెట్టు. పరాయి పిల్లనైతే గొర్రె తంతది. అది నా మొకం జూసి అబద్ధమాడదు గద!" తర్వాత కొడుకుతో, "నువ్వు గా గోడ అవుతల నిలవడు. సైగ జేసినవంటది ఈ సదువుకున్న పిల్ల" అంది.

ప్రయోగంలో బయటి ప్రభావాలను ఎలా అడ్డుకోవాలో నేను రెండేళ్లు చదివాను. ఆమె నిలబడ్డచోటే అంతా ఏర్పాటు చేసేసింది.

పదిహేను పిల్లల్ని పట్టాను. "బొట్టుదానిది." "కుంటిదానిది, రెండో ఈతల పుట్టింది." పద్నాలుగుసార్లు ఆమె చెప్పిన తల్లి కిందికే పిల్ల దూరింది. పదిహేనోదాన్ని చూసి, "దీని తల్లి పాము గరిసి సచ్చె. నేను పట్టుకుంటెనే నల్లది తాగనిస్తది" అంది. వదిలితే నల్లది తన్నింది. మల్లమ్మ వెళ్లి మెడ పట్టుకుంది. పిల్ల తాగింది.

లింగయ్య గోడ అవతలి నుంచి వచ్చాడు. "రేపు యాడికి తోల్కపోతవ్?"

"కాల్వకట్టకు. నీకు యాదుంటదా?"

వ్యాలిడిటీ అంటే, పరీక్ష తాను కొలుస్తానన్నదాన్నే కొలుస్తోందా అన్న ప్రశ్న. అప్పటిదాకా నాకది కంఠస్థం మాత్రమే. ఆమె స్కోరు మార్చలేదు, మార్చకూడదు. రిమార్కుల్లో మాత్రం, బడికి పోని మనిషిని బడి ప్రశ్నలు అడిగామని రాశాను. ఆ తర్వాత కోదాడ వైపు ఊళ్లకు వెళ్లినప్పుడూ, ఫారం తీసేముందు "రోజంతా ఏం చేస్తారు?" అని అడిగి విన్నాను.

పరీక్ష అయ్యాక స్కోరెంతని ఆ ఇళ్లవాళ్లు ఇప్పటికీ అడుగుతారు. చెప్పను. నోరు పెగలని నా స్వభావం అక్కడ బాగా పనికొస్తుంది.