చీమలు పట్టని జాడీ

కృపావరం తన జీవితంలో మద్యం చుక్క నాలుక మీద వేసుకోలేదు. అయినా పదకొండేళ్ళపాటు దాన్ని ఇంట్లో తయారుచేసి అమ్మాడు. ఏలూరులో ఈ రెండు సంగతులూ ఎరిగినవాళ్ళు చాలామందే ఉండేవారు. రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయని అడిగినవాళ్ళు మాత్రం లేరు.

అంతకుముందు పద్నాలుగేళ్ళు అతను కాలువల ఇంజనీరు దొరగారి బంగళాలో బట్లరు. అక్కడ దొరసాని అతనికి ఒక పని నేర్పింది. అనాసపండు ముక్కలు కోసి, పంచదారా దాల్చినచెక్కా వేసి, తెల్లటి సారాయిలో మూడు వారాలు నానబెట్టి వడకట్టాలి. భోజనమయ్యాక మిఠాయికి బదులు దాన్ని చిన్న గ్లాసుల్లో ఇచ్చేవారు. 1925లో దొరగారు ఉద్యోగం విరమించి ఓడెక్కారు. కృపావరానికి అతని పనిని మెచ్చుకుంటూ రాసిన ఒక ఉత్తరమూ, ఈ విద్యా మిగిలాయి.

దొరసాని చెప్పినట్టే చేసి ఉంటే అతన్ని ఎవరూ గుర్తుపెట్టుకునేవారు కాదు. అతను మన పిండివంటల్ని సీసాలోకి దించాడు. పనసతొనలతో పాటు వేయించిన కొబ్బరీ ఏలక్కాయా వేస్తే అది పాయసం సీసా. మగ్గిన అరటిపండూ తాటిబెల్లమూ శొంఠీ కలిస్తే బూరె సీసా. మామిడితాండ్రని గోరంత ముక్కలు చేసి నానబెట్టి, చివర చిటికెడు పచ్చకర్పూరం వేసేది అన్నిటికన్నా పేరున్నది. ఆవకాయ జాడీల్లో పోసి, మూత పెట్టి గుడ్డ కట్టి, అటక మీద ఇరవై ఒక్క రోజులు ఉంచేవాడు. వడకట్టాక సీసా మీద తన గుండ్రటి చేతిరాతతో చీటీ అంటించేవాడు. చీటీ మీద ఉండేది పిండివంట పేరే.

రుచి చూడకపోవడానికి కారణం ప్రమాణం. పెళ్ళినాడు మిషన్ చర్చిలో, సంఘమంతా వింటుండగా, మత్తు పదార్థం నోట పెట్టనని బైబిలు మీద చెయ్యి వేశాడు. ఆ మాట అక్షరాలా నిలబెట్టుకున్నాడు. అమ్మనని మాత్రం ప్రమాణం చెయ్యలేదు. కన్నూ, ముక్కూ, నిప్పూ అతని కొలతలు. కొత్త సారా రాగానే సాసరులో కాస్త పోసి అగ్గిపుల్ల గీసేవాడు. మంట నీలంగా లేచి, అడుగున తడి ఎంత తక్కువ మిగిలితే సరుకు అంత మంచిదని లెక్క.

నాలుక పని అబ్బులుది. అబ్బులు ఏలూరు కాలువ రేవు నించి కొల్లేటి లంకలకి పడవ నడిపేవాడు. జాడీ దించిన రోజు వచ్చి, ఒక్కో దాంట్లోంచి ఒక్కో చెంచా తాగి తీర్పు చెప్పేవాడు. కూలి కింద ఒక సీసా పట్టుకుపోయేవాడు.

"బట్లరుగారూ, వంటవాడు ఉప్పు చూడకుండా వండినట్టుందండీ మీ పని," అని నవ్వేవాడు.

"చూడ్డానికి నువ్వున్నావుగా," అనేవాడు కృపావరం.

1936 జూలైలో, తాడేపల్లిగూడెం రైసుమిల్లు యజమాని పాండురంగారావు ఆరు సీసాలు కావాలని కబురు పంపాడు. మిల్లులో కొత్త ఆయిలింజను బిగిస్తున్నారు. ఆగస్టులో దాన్ని మొదటిసారి నడిపే సాయంత్రం ఓవర్సీర్లూ ఇంజనీర్లూ వస్తారు. అన్నీ మామిడితాండ్రవే కావాలన్నాడు.

సారా కొనబోతే, దుకాణం కాంట్రాక్టరు వెంకట్రాజు కృపావరాన్ని వెనక గదిలోకి పిలిచి ఒక డబ్బా చూపించాడు.

"బొంబాయి సరుకు కృపావరం. మన బెల్లం సారాలా కంపు కొట్టదు. నీ పండు వాసన తప్ప ఇంకోటి తెలియదు. నీలాంటి పనివాడికే ఇస్తున్నాను."

నీళ్ళకన్నా తెల్లగా ఉంది. పదకొండేళ్ళుగా కృపావరం వెతుకుతున్నది అలాంటి సారాయే. ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నటి వాసన తగిలింది. ఎక్కడో ఎరిగిన వాసన. ఎక్కడో గుర్తు రాలేదు. ఇంటికి తెచ్చి సాసరులో వెలిగించాడు. మంట ఎంత పలచగా ఉందంటే, పగటి వెలుగులో కనబడలేదు. వెలిగిందో లేదో చూడ్డానికి చీపురుపుల్ల పెట్టాడు. పుల్ల భగ్గుమంది. సాసరులో చుక్క తడి మిగల్లేదు. ఇంత స్వచ్ఛమైనది దొరగారి బంగళాలో కూడా చూడలేదని భార్య దేవకుమారితో చెప్పాడు.

మూడో వారంలో దేవకుమారి ఒక మాట అంది.

"ఏవండీ, ఈసారి చీమలు పట్టలేదేంటండీ?"

ప్రతిసారీ జాడీ అంచున కారిన తీపికి చీమలు బారులు కట్టేవి. ఆవిడ అటక చుట్టూ పసుపు చల్లేది. ఈసారి జాడీ పక్కన మామిడి పాకం మరక అలాగే ఎండిపోయి ఉంది.

"మూత గట్టిగా బిగించాన్లే," అన్నాడు కృపావరం.

"మూత బిగించింది లోపలిదానికి. మరక బయట ఉంది కదండీ."

ఆవిడ పసుపు డబ్బా తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గురువారం అబ్బులు వచ్చాడు. చెంచా తాగి, చప్పరించి, ఒక కన్ను మూశాడు.

"బానే ఉందండి. చివర్లో కాస్త చేదు తగులుతోందండి."

"చేదా? ఎలాంటి చేదు?"

"ఏం చెప్పమంటారండి. మీరోసారి నోట్లో వేసుకుంటే తెలుస్తది. యేసుప్రభువు చెంచాలు లెక్కపెడతాడేంటండీ?"

కృపావరం నవ్వలేదు. చెంచా చేతిలోకి తీసుకుని, వాసన చూసి, కింద పెట్టేశాడు. తాండ్రలో టెంక చేదు దిగి ఉంటుందనుకున్నాడు. వంటవాడికి తెలిసిన మందు ఒకటే. ఇంకో రెండు మూరల తాండ్ర తరిగి వేశాడు. తాటిబెల్లం పాకం పట్టి పోశాడు. పచ్చకర్పూరం పెంచాడు. శుక్రవారం పొద్దున్న మళ్ళీ అబ్బులుకి పోశాడు.

"ఇప్పుడు కుదిరిందండి! చేదూ లేదు గీదూ లేదు. మా అమ్మమ్మ పట్టిన పాకంలా ఉందండి," అని ఇంకో రెండు చెంచాలు అడిగి తాగి, తన సీసా చంకన పెట్టుకుని రేవుకి వెళ్ళాడు. పాండురంగారావు గుమాస్తా వచ్చి ఆరు సీసాలూ గడ్డిలో సర్దిన బుట్టతో రైలెక్కాడు.

శనివారం మధ్యాహ్నం కృపావరం రేవుకి వెళ్ళాడు. ఇంకొన్ని ఆవకాయ జాడీలు లంకలో ఒక ఇంటి నించి తెప్పించాల్సిన పని ఉంది. ముందురోజు వాన పడి, ఎండ తెల్లగా కాస్తోంది. కాలువ నీళ్ళ వైపు చూడ్డానికి కళ్ళు చికిలించాల్సి వస్తోంది. అబ్బులు పడవ కట్టేసి గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"ఎవరూ? బట్లరుగారేనా?" అన్నాడు. "కూర్చోండి. మంచు విడవనియ్యండి, వెళ్దాం."

కృపావరం చుట్టూ చూశాడు. "మంచేంటి అబ్బులూ?"

"పొద్దున్నించీ ఇలాగే పట్టుకుంది కదండీ. అవతలి గట్టు కనబడ్డం లేదు. ఆగస్టులో మంచేంటో, నేనూ ఎప్పుడూ చూళ్ళేదు. తల కూడా బద్దలైపోతోందండి."

అవతలి గట్టు మీద ఒకామె ఎర్రచీర ఆరేస్తోంది. చీర అంచు జరీ కూడా కృపావరానికి కనబడుతోంది. అతను అబ్బులు ముఖం ముందు చెయ్యి ఆడించాడు. అబ్బులు రెప్ప వెయ్యలేదు.

అప్పుడు ఆ వాసన గుర్తొచ్చింది. బంగళాలో భోజనాల బల్లకి ఏడాదికోసారి ఫ్రెంచి పాలిష్ పట్టే వడ్రంగి దగ్గర ఒక డబ్బా ఉండేది. దాని మీద పుర్రె బొమ్మ. దాన్ని దొంగతనంగా తాగిన కూలివాడొకడు రెండో రోజుకి గుడ్డివాడై, మూడో రోజుకి పోయాడు. ఎవరో ఆ సరుకుని బొగ్గులో వడకట్టి కంపు తీశారు. మిగిలిన చేదుని తను బెల్లంతో కప్పాడు.

రేవులో వాళ్ళ చేత అబ్బులుని ఆసుపత్రికి పంపించి, కృపావరం స్టేషనుకి పరుగెత్తాడు. పాసింజరులో గంటన్నర కూర్చున్నాడు. ఇంజను నడిపేది ఆ సాయంత్రమే.

అతను మిల్లు చేరేసరికి పెట్రోమాక్సు దీపాలు వెలిగించారు. లోపల కొత్త ఇంజను దడదడలాడుతోంది. ఆఫీసు గదిలో బల్ల మీద సీసాలున్నాయి. ఒకటి మూత తీసి, గ్లాసుల్లో పోసి ఉంచారు. చుట్టూ అయిదారుగురు. వాళ్ళలో వెంకట్రాజూ ఉన్నాడు.

"ఏమోయ్ కృపావరం! పిలవకుండానే వచ్చావే," అన్నాడు పాండురంగారావు. "మంచిదే. నీ చేత్తో అందించు."

"ఎవరూ ముట్టుకోకండి. అది తాగేది కాదండి. బీరువాలకి పూసేదండి."

ఒక ఓవర్సీరు పెద్దగా నవ్వాడు. "అయితే తాగితే మెరుస్తామన్నమాట!"

"పడవ అబ్బులుకి కళ్ళు పోయాయండి," అన్నాడు కృపావరం. నవ్వు ఆగింది.

"నువ్వు తాగి చూశావా?" అన్నాడు పాండురంగారావు.

"లేదండి. నేను ముట్టనండి."

"తాగకుండా ఎలా తెలుసు? ఎక్కడ కొన్నావు?"

కృపావరం వెంకట్రాజు వైపు చూశాడు. అందరూ అటే చూశారు.

"నా సరుకు ఏలూరంతా తాగుతోందండి," అన్నాడు వెంకట్రాజు. "ఒక్కడికి కళ్ళు మసకేస్తే నా సరుకుదా తప్పు? ఇతను ఏ పుచ్చుపండు వేశాడో."

పాండురంగారావు ఒక గ్లాసు తీసి అతని చేతికిచ్చాడు. "మీరు తాగండి రాజుగారూ. గొడవ తీరిపోతుంది."

వెంకట్రాజు గ్లాసు పట్టుకున్నాడు. దీపానికి ఎత్తి చూశాడు. అతను గ్లాసు మెల్లిగా బల్ల మీద పెట్టాడు.

"ఇవాళ శనివారం కదండీ. శనివారాలు నేను ముట్టనండి."

"ఇందాక విస్కీ పుచ్చుకున్నారు కదండీ," అన్నాడు ఓవర్సీరు, ఈసారి నవ్వకుండా.

మూత తియ్యని అయిదు సీసాలూ ఊక బూడిద గుట్ట మీద పారబోశారు. కృపావరం దగ్గరుండి ఒంపించాడు. ఆఫీసు గదిలోకి తిరిగొచ్చి మూత తీసిన సీసా ఎత్తి, బల్ల మీది గ్లాసుల్ని చూసి ఆగాడు. గ్లాసుల్లో ఉన్నది సీసాలో తగ్గినంత లేదు.

"ఇందులోంచి ఎవరు తాగారండీ?"

పాండురంగారావు ముఖం తిప్పుకున్నాడు. "ఇంజను నడవగానే ఫిట్టరు యోబుకి పోశాను. ముందు అతనికే పొయ్యాలనిపించింది. పెద్ద గ్లాసుడు."

యోబు ఇంజను పక్కన నూనెడబ్బా పట్టుకుని, ఉల్లాసంగా ఉన్నాడు. డాక్టరు వచ్చి ఉప్పునీళ్ళు పట్టించి కక్కించాడు. రేపు మధ్యాహ్నం దాటితేగాని ఏమీ చెప్పలేనన్నాడు.

తరవాత పోలీసులూ, కోర్టూ వచ్చాయి. వెంకట్రాజుకి రెండేళ్ళు, కృపావరానికి ఆరు నెలలు శిక్ష పడింది. అతను విడుదలై వచ్చాక, ప్రమాణం తప్పలేదు కాబట్టి చర్చిలో రొట్టే ద్రాక్షరసమూ పంచే ప్రభురాత్రి భోజనపు బల్లకి రావచ్చని పాస్టరుగారు చెప్పారు. కృపావరం మళ్ళీ ఎన్నడూ ఆ బల్ల దగ్గరికి వెళ్ళలేదు. తను చచ్చిపోయేదాకా రోజూ అబ్బులు ఇంటికి వెళ్ళి, అతన్ని రేవుదాకా నడిపించి, మళ్ళీ ఇంటికి తెచ్చేవాడు. దారిలో ఇద్దరూ ఆ సీసాల మాట ఎత్తేవారు కాదు.

ఇదంతా తరవాత. యోబు తాగిన మర్నాడు, ఆదివారం, కృపావరం చర్చికి పోలేదు, ఏలూరుకీ పోలేదు. పొద్దున ఏడింటికే మిల్లులో యోబు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కొత్త ఇంజను మీద కంపెనీ పేరున్న ఇత్తడి పలక ఉంది. గంటకోసారి దాన్ని చదవమని అడిగాడు.

"మీరు మా మేష్టారికన్నా ఘోరమండీ," అన్నాడు యోబు, చదివి. తొమ్మిదికి చదివాడు. పదికి చదివాడు. పదకొండుకి, "ఇంకెన్నిసార్లండీ, ఇంజనుక్కూడా వచ్చేసి ఉంటది," అంటూ చదివాడు.

పన్నెండుకి యోబు పలక దగ్గరికి వంగాడు. జేబులోంచి గుడ్డ తీసి తుడిచాడు. మళ్ళీ వంగి, మళ్ళీ తుడిచాడు.

"నూనె పట్టేసిందండీ," అన్నాడు.

పైకప్పు కిటికీలోంచి ఎండ తిన్నగా పడి ఇత్తడి పలక ధగధగలాడుతోంది. కృపావరం కూర్చున్న చోటి నించి దాని మీద ప్రతి అక్షరమూ కనబడుతోంది.