చెప్పింది మాత్రమే చేసిన మా పెద్ద టీచర్ గారు

మా పెద్ద టీచర్ గారు పోయారన్న కబురు నాకు బస్సులో తెలిసింది. పర్చూరు నుంచి బడికి వెళ్తున్నాను. బడిలో చదివే ఒక పిల్ల తల్లి ఫోన్ చేసి, "మేడమ్, మన పెద్ద టీచర్ గారు రాత్రి నిద్రలోనే పోయారంట" అంది. కిటికీ బయట మిరప చేలు ఎర్రగా పండి ఉన్నాయి.

మీలో చాలామంది ఆమెను ఎరగరు. పర్చూరు దగ్గర ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాలకు ఆమె ప్రధానోపాధ్యాయురాలు. పిల్లలకు కంప్యూటర్ నేర్పడానికి ఒక స్వచ్ఛంద సంస్థ నన్ను అక్కడికి పంపింది. నేను గుంటూరులో కాన్వెంటులో చదివాను. అక్కడ కంప్యూటర్ గది బయట బూట్లు విప్పి, చేతులు కట్టుకుని లోపలికి వెళ్లి, సిస్టర్ చూపించిన భాగాల పేర్లు బట్టీ పట్టేవాళ్లం. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. మొదటిరోజు బోర్డు మీద మానిటర్ బొమ్మ గీసి, పిల్లల వైపు తిరగకుండానే పాఠమంతా చెప్పేశాను. వెనక వరసలో కూర్చుని విన్న పెద్ద టీచర్ గారు గంట కొట్టాక నా దగ్గరికి వచ్చారు.

"బోర్డుకి బాగా అర్థమైంది అమ్మాయ్. రేపు పిల్లలకి చెబుదాం."

నాకు నవ్వొచ్చింది. ఆ ఊళ్లో నేను నవ్వడం అదే మొదలు.

బడిలో ఉన్నది ఒకే కంప్యూటర్. దానికి కరెంటు ఎప్పుడుంటుందో ఎవరికీ తెలియదు. అందుకని మర్నాడు ఆమే కంప్యూటర్ అయ్యారు. కుర్చీ మధ్యలో వేయించుకుని, ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చుని, పిల్లలు చెప్పింది మాత్రమే చేస్తానన్నారు. కళ్లజోడు తుడవమని ఒకడు చెబితే, అది ముఖం మీద ఉండగానే తుడిచారు. తీయమని వాడు చెప్పలేదు మరి. గదంతా గొల్లున నవ్వింది. "దానికి తెలియదర్రా, మీరే చెప్పాలి" అనేవారు. పొరపాటు చేసి ఎవరైనా తల దించుకుంటే, "తప్పు నీది కాదు, నువ్వు చెప్పిన మాటది. మాట మార్చు" అనేవారు. ఆ మాట పిల్లల కంటే నాకే ఎక్కువ పనికొచ్చింది.

ఆమె ఎప్పుడూ మంగళగిరి నూలు చీరలే కట్టేవారు. కొంగు నడుముకి దోపుకుంటే కంప్యూటర్ ఆన్ అయినట్టు, వదిలేస్తే ఆఫ్ అయినట్టు. ఒకరోజు మధ్యాహ్న భోజనం వడ్డించడానికి కొంగు దోపుకున్నారు. రెండో తరగతి పిల్ల ఒకతి పళ్లెం చాచి, రెండు గుడ్లు వేయమని ఆజ్ఞాపించింది. ఆమె ఒక క్షణం ఆలోచించి, రెండూ వేశారు. ఆ తర్వాత వడ్డించేటప్పుడు కొంగు భుజం మీదుగా కప్పుకుని వచ్చేవారు.

పోయిన ఏడాది మిరప కోతలప్పుడు బడి పక్క కల్లాల్లో కాయలు ఆరబోశారు. ఆమె ఒక గంపెడు కాయలు తరగతిలోకి తెప్పించి, రంగు పోయి తెల్లబారిన తాలు ఏరడం కంప్యూటర్‌కి నేర్పమన్నారు. పిల్లలు తేలిగ్గా చెప్పేశారు: కాయ తీసుకో, తెల్లమచ్చ ఉంటే పక్కన పడెయ్. ఆమె చేతికి మొదట మంచి ఎర్రకాయ వచ్చింది. దాన్ని పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. పిల్లలకు కారణం అంతుపట్టలేదు. వాళ్ల ఇళ్లల్లో తాలుకాయ ఒక్కటే ఏరతారు. మంచికాయ కుప్పలోనే ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు. దాన్ని ఏం చేయాలో చెప్పాలని ఎవరికి తోస్తుంది? గంట కొట్టినా ఆమె కాయ వదల్లేదు. చివరికి మూడో తరగతి జ్యోతి, మచ్చ లేకపోతే బుట్టలో వేయమని చెప్పాక లేచారు.

ఆ సాయంత్రం ఇళ్లకు కబురు వేరే రకంగా చేరింది. మర్నాడు పొద్దున్నే జ్యోతి నాన్న ఇంకొందరిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"కంప్యూటర్ నేర్పుతామని మా పిల్లల చేత తాలు ఏరిస్తన్నారంటగా. ఆ పని వద్దనేగా బడికి పంపింది."

పిల్లను పర్చూరు ప్రైవేటు బడిలో వేస్తానన్నాడు. పక్కనున్నవాళ్లు తలలూపారు. వాళ్లంతా అదే పని చేస్తే ఆ పీరియడే కాదు, బడే సగం ఖాళీ అవుతుంది. నేను బీరువా వెనక నిలబడ్డాను. పెద్ద టీచర్ గారు మాత్రం ఆయన కోపం న్యాయమైనదేనని ఒప్పుకుని, ఇవాళ కంప్యూటర్‌గా ఆయన్నే కూర్చోమన్నారు.

ఆయన బిగుసుకుని కూర్చున్నాడు. జ్యోతి నిలబడి ఆజ్ఞలు మొదలుపెట్టింది. మచ్చ ఉంటే ఎడమ బుట్ట, లేకపోతే కుడి బుట్ట. కాసేపు చేసి, ఆయన ఒక కాయను వేళ్ల మధ్య తిప్పి చూపించాడు.

"మచ్చ లేదు, పురుగు చిల్లుంది. ఇప్పుడేం చెయ్యమంటావే?"

జ్యోతి పెదవి కొరుక్కుంది. "చిల్లున్నా ఎడమ బుట్టే నాన్నా. ఆ మాట కూడా కలుపుతున్నా."

ఆయన ఆ కాయను ఎడమ బుట్టలో వేశాడు. కంప్యూటరంటే ఇదేనా అని పెద్ద టీచర్ గారిని అడిగాడు. "ఇంతేనండీ. తెర మీదయితే ఘాటుండదు" అన్నారామె. అందరికంటే ముందు నవ్వింది ఆయనే. పర్చూరు ఊసు మళ్లీ రాలేదు.

మొన్న శనివారం బడిలో సంతాప సభ పెట్టారు. ఆ పొద్దున, ఆమె స్థానంలో ఇన్‌చార్జిగా ఉన్న మాస్టారు, కంప్యూటర్ పీరియడ్ ఆమె సొంత ఇష్టంతో పెట్టిందనీ, సోమవారం నుంచి దాన్ని లెక్కలకు ఇచ్చేద్దామనీ చెప్పారు. వద్దనాలని ఉంది. నా నోట్లోంచి మాత్రం "సరేనండీ" అనే వచ్చింది.

పెద్దలు మాట్లాడారు. చివర్లో మాస్టారు అందరినీ మౌనం పాటించమన్నారు. కాసేపటికి ఆయన కూర్చున్నారు. పెద్దలూ కూర్చున్నారు, కుర్చీలు కిర్రుమన్నాయి. పిల్లలు కూర్చోలేదు. ఎండలో వరసలుగా, చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని అలాగే నిలబడి ఉన్నారు.

మాస్టారు నా వైపు వంగారు. "వీళ్లు కూర్చోరేంటమ్మా?"

"ఎప్పుడు ఆపాలో మీరు చెప్పలేదండీ."

ఆయన పిల్లల వైపు తిరిగారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అయితే నువ్వే చెప్పమ్మా. సోమవారం పీరియడ్ కూడా నువ్వే చెబుదువుగాని."

నేను వరండా మెట్లు దిగి వాళ్ల ముందుకు వెళ్లాను. కల్లాల మీదుగా ఘాటైన గాలి వచ్చింది. జ్యోతి ముక్కు ఎగబీలుస్తూ తుమ్ము ఆపుకుంటోంది. ఒకటో తరగతి వాడొకడు ఒక కన్ను తెరిచి, నన్ను చూసి, గబుక్కున మూసేశాడు. చెప్పాల్సిన మాట నా నోట్లో సిద్ధంగానే ఉంది. ఇంకాసేపు చెప్పలేదు.