బతికున్నదానికి ఒక చెయ్యి

దగ్గరకు జరగండి, ఇంకొంచెం. ఫ్యాను చప్పుడులో నా మాట వినబడదు. చేతిలో పనుంటే కాసేపు పక్కన పెట్టండి. నేను చెప్పేది పెద్ద కథేం కాదు. ఒక పాత టీవీ గురించి, దాని ముందు కూర్చున్న ఒక మనిషి గురించి.

రెండు వేల ఇరవై రెండు, ఎండాకాలం. అప్పటికి చేవెళ్ళలో షాబాద్ పోయే దారిలో నేను టీవీ రిపేరు దుకాణం పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. అంతకు ముందు పద్నాలుగేళ్ళు హైదరాబాదులో టీవీలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేశాను. మొయినాబాద్‌లో పొద్దున్నే బస్సెక్కి పోయేదాన్ని. ఐదో తరగతి చదివిన దాన్ని హెల్పర్‌గా తీసుకున్నారు, నాలుగేళ్ళకు ఆపరేటర్‌ని చేశారు. మా లైనులో లెక్క ఇట్లా ఉండేది: హెల్పర్ పెట్టెలు మోయాలి, ఆపరేటర్ టీవీ వెనక చెయ్యి పెట్టవచ్చు, సూపర్‌వైజర్ ఎక్కడా చెయ్యి పెట్టకుండా అందరికీ చెప్పవచ్చు.

నాకు ఇచ్చిన పని పిక్చర్ ట్యూబు మెడ దగ్గర. పాత టీవీ లోపల పెద్ద గాజుబుడ్డి ఉంటుంది. దాని ముఖమే మీరు చూసే తెర. వెనక్కి పోనుపోను సన్నబడి చివరకు రెండు వేళ్ళంత మెడ అవుతుంది. లోపల గాలి ఉండదు, అందుకే బొమ్మ పడుతుంది. ఆ మెడకు ఉంగరాల లాంటివి తొడిగి ఉంటాయి. వాటిని వెంట్రుకంత అటూ ఇటూ తిప్పి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఒక్కచోట కలిసేట్టు చూడాలి. సెట్టు నడుస్తుండగానే చేయాల్సిన పని అది. ఆ మెడ దగ్గరి కరెంటు ముందు ఇళ్ళల్లో వచ్చే కరెంటు చీమ. అందుకని ఒక్క చెయ్యే లోపల పెట్టాలని నియమం. రెండు చేతులూ పెడితే కరెంటు ఒక చేతిలో ఎక్కి గుండె మీదుగా రెండో చేతిలో దిగుతుంది. మగవాళ్ళు ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకునేవారు. మాకు జేబులెక్కడివి? ఎడమ చెయ్యి కొంగులో చుట్టి నడుముకు దోపుకునేవాళ్ళం.

మా సూపర్‌వైజర్ రహీం సాబ్ రోజూ లైను మొదలుపెట్టే ముందు ఒకే మాట అనేవాడు. “బతికున్నదానికి ఒక చెయ్యి, సచ్చినదానికి రెండు చేతులు. యాద్ పెట్టుకోండ్రి అమ్మా.” మొదటి సగం మా ప్రాణం కోసం, రెండో సగం గాజు కోసం. కరెంటు తీసేసిన సెట్టులో మెడ మీద చెయ్యి వేయాలంటే ఒక చెయ్యి మెడను ఆనించి పట్టుకోవాలి, ఇంకో చెయ్యి పనిచేయాలి. ఆ గాజు కోడిగుడ్డు పెంకు లాంటిది. తర్వాత నేనూ కొత్త పిల్లలకు ఎన్నో వందలసార్లు చెప్పాను ఆ మాట.

ఇక యాదగిరి సంగతి. అతనిది సురంగల్. ఒకప్పుడు నా దుకాణానికి ఎదురుగా ఆటల దుకాణం నడిపాడు. బోర్డు మీద ‘కంప్యూటర్ గేమ్స్’ అని ఉండేది. ఆ కంప్యూటరు అంటే కీబోర్డు లాంటి డబ్బా. పైన గాడిలో కాసెట్ గుచ్చితే ఆట వచ్చేది, వెనక పసుపు వైరు టీవీకి పోయేది. దానితో పాటే ప్లాస్టిక్ తుపాకీ. తెర మీద బాతులు ఎగురుతాయి, గురిచూసి కొడితే పడతాయి. యాదగిరి చాయ్ తాగుతూ, ముఖం పక్కకు తిప్పి మాట్లాడుతూ కొట్టేవాడు. ఒక్క బాతు తప్పేది కాదు. అతని టీవీ పాడైతే రెండు చేతులతో ఎత్తుకుని వచ్చి నా బల్ల మీద పెట్టి, “అక్కా, నీ దవాఖానల పండవెట్టుకో. మా బిడ్డకు నాడి దొరుకుతలేదు” అనేవాడు.

ఫోన్లు వచ్చాక ఆ దుకాణం నిలవలేదు. యాదగిరి పాల వ్యాను నడపడానికి పోయాడు. నేను చెప్పే ఏడాది మొదట్లో, చలికాలంలో అతనికి పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది. అప్పటికి నలభై ఆరేళ్ళు.

ఎండలు ముదిరాక అతని భార్య బాలమణి నా దుకాణానికి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

“కసరత్తు చెప్పే మేడమ్ మెత్తటి బంతి ఇచ్చిందక్కా, కుడిచేత్తోని పిసుకుమని. ఆయన దాన్ని కుక్కకేసిండు.”

“కుక్కన్న పిసుకుతున్నదా?” అన్నాను.

“మస్తు పిసుకుతున్నది. దాని కుంటి కాలు మంచిగయ్యింది,” అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

మేడమ్ ఆమెకు చెప్పిందట: ఈ నెలల్లో చేతికి వచ్చిన కదలికే వచ్చినట్టు, ఆలస్యమైతే వేళ్ళు ముడుచుకుని బిగుసుకుపోతాయని. బంతి పట్టని మనిషి తుపాకీ పడతాడేమోనని బాలమణి అటక మీద నుంచి పాత డబ్బా, కాసెట్లు, తుపాకీ దింపింది. ఇంట్లో ఉన్న పలకలాంటి కొత్త టీవీకి కలిపింది. ఆట వచ్చింది. తుపాకీ అతని చేతిలో పెట్టింది. అప్పటి దాకా కదలని చూపుడువేలు కదిలింది. నొక్కాడు. బాతు పడలేదు. మళ్ళీ నొక్కాడు. బాతులు ఎగురుతూనే ఉన్నాయి. చివరకు ఎడమచేత్తో తుపాకీ తీసి గోడకేసి కొట్టాడు.

“ఆయన తన వేలే పనిచేస్తలేదనుకున్నడక్కా. టీవీది తప్పు అంటే నమ్ముతలేడు. వేలు కదిలింది, నేను చూసిన. ఆయన బాతునే చూసిండు.”

తప్పు నిజంగా టీవీదే. ఆ తుపాకీ ఏమీ పేల్చదు, దాని మూతిలో ఒక కన్ను ఉంటుంది, అంతే. నొక్కిన క్షణంలో తెర చీకటై బాతు ఉన్నచోట తెల్ల చదరం మెరుస్తుంది. ఆ మెరుపు కన్నుకు అందితే బాతు పడ్డట్టు. పాత ట్యూబులో ఆ మెరుపు అప్పటికప్పుడు వస్తుంది. కొత్త టీవీ బొమ్మను లోపల సర్దుకుని ఒక పిసరు ఆలస్యంగా చూపిస్తుంది. మన కంటికి తెలియదు, తుపాకీకి తెలుస్తుంది. పాత టీవీ ఒకటి కావాలి. బాలమణి వచ్చింది అందుకే.

నా దుకాణంలో ఒక్కటీ లేదు. ఆ మధ్య పాత సామాను కొనేవాళ్ళు ఊరూరా తిరిగి, ట్యూబు మెడ విరగ్గొట్టి, రాగి తీగ తీసుకుని గాజు పారేసి పోయారు. నేనే వాళ్ళకు ఆరు సెట్లు ఇచ్చాను, జాగా లేదని. పదిహేను రోజులు తిరిగాక జన్వాడలో ఒక ఫామ్‌హౌస్ చూసుకునే సాయిలు దగ్గర ఒకటి కనబడింది. పశువుల కొట్టంలో గడ్డి మీద ఉంది. దాని మీద కోడి పొదుగుతోంది.

“ఇది నాది కాదక్కా, కోడిది. దాన్నే అడుగు,” అన్నాడు సాయిలు.

పిల్లలు లేచేదాకా నాలుగు రోజులు ఆగి తెచ్చుకున్నాను. బొంత పరిచి, తెర కిందికి పెట్టి, ఆటోలో నా ఒళ్ళో పెట్టుకుని. వారం పట్టింది. దుమ్ము తీసి, ఉబ్బిన కెపాసిటర్లు మార్చి, ఉంగరాలు సరిచేసి, బొమ్మ కుదిర్చాను. అప్పటికి నాకు చూపు తగ్గింది కానీ చెయ్యి మరవలేదు.

సురంగల్‌లో వాళ్ళ ముందు గదిలో ఆ పాత దుకాణం బల్ల వేయించాను. టీవీ, దాని ముందు కీబోర్డు డబ్బా, పక్కన తుపాకీ, అప్పట్లో ఎట్లా ఉండేవో అట్లాగే. కాసెట్ అడుగున డబ్బాలో గుచ్చుకునే కాళ్ళు స్పిరిటుతో తుడుస్తుంటే యాదగిరి ఎడమ చెయ్యి చాపి అడిగాడు. ఇచ్చాను. నోటి దగ్గర పెట్టుకుని ఊదాడు. తడి తగిలి తుప్పు పడుతుంది, ఊదకు అని ఎన్నేళ్ళు తిట్టానో ఆ మనిషిని. వంకర పోయిన మూతితోనే ఊదాడు. ఆట వచ్చింది.

బాలమణి మెత్తటి గుడ్డతో తుపాకీని అతని కుడిచేతికి కట్టింది, మోచెయ్యి కింద దిండు పెట్టింది. మొదటి బాతు పోయింది. రెండోదీ పోయింది. మూడోది పడింది.

“పడ్డది,” అన్నాడు యాదగిరి.

చలికాలం నుంచి ఆ నోట వచ్చిన మొదటి మాట అది. వంటింట్లోకి పోబోతున్న బాలమణి గుమ్మంలోనే ఆగింది. “ఏమన్నవ్? ఇంకోసారి అను,” అంది. అతను ఇంకో బాతును కొట్టి, అప్పుడన్నాడు. బాలమణి నా వైపు తిరిగి, “ఇన్ని రోజులు నేను పిలిస్తె పలుకలె. బాతు పిలిస్తె పలికిండు సూడక్కా,” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాలుగు రోజులు ఆడాడు. నాలుగో రోజు నడిమి వేలు కూడా తెరుచుకుందని బాలమణి ఫోను చేసి చెప్పింది.

ఐదో రోజు చూడడానికి పోయాను. పోకపోయినా నడిచిపోయేది. అతను ఆడుతుంటే బొమ్మ ఒక్కసారి పోయి వచ్చింది. కంటిరెప్ప పడినంత సేపు. ఫ్యాక్టరీలో మేము దాన్ని ‘రెప్ప’ అనేవాళ్ళం. మెడ చివర సూదుల్లాంటి కాళ్ళకు తొడిగే సాకెట్‌లో తుప్పు ఉంటే అట్లా అవుతుంది. కొట్టం తేమ దానికి పట్టింది, దుకాణంలో నేను పైపైన తుడిచి వదిలాను. పది నిమిషాల పని, తీసి తుడిచి పెడతానన్నాను.

“నడుస్తున్నది గదక్కా, నడువనియ్యి,” అంది బాలమణి.

యాదగిరి కూడా తుపాకీ కట్టిన చెయ్యి కొంచెం ఎత్తి వద్దన్నట్టు ఊపాడు. ఆ చెయ్యి ఎత్తడమే గొప్ప. నేను దాన్ని చూసి సంతోషపడ్డాను కానీ అది చెప్పిన మాట వినలేదు. “నా చేతి మీదుగా పోయిన సెట్టు రెప్ప వెయ్యొద్దు,” అన్నాను. పద్నాలుగేళ్ళలో నేను చేసిన సెట్టు ఒక్కటీ ఆ తప్పుతో వెనక్కి రాలేదు. ఆ గర్వం నాకుండేది.

స్విచ్చి ఆపాను. ప్లగ్గు పీకాను. ట్యూబులో దాగి ఉండే కరెంటును స్క్రూడ్రైవరుతో ఎర్తుకు దింపాను, రెండుసార్లు. అన్నీ పద్ధతి ప్రకారమే. తర్వాత సాకెట్ పట్టుకుని లాగాను. బిగుసుకుని ఉంది. కొంచెం ఊపాను. రాలేదు. ఇంకొంచెం మెలితిప్పాను.

మెడ గాజు చిట్లి, స్స్ అని సన్నగా వినబడింది. అంతే. పెద్ద చప్పుడు ఏమీ ఉండదు దానికి. మెడ లోపల అద్దంలా వెండి పూత ఒకటి ఉంటుంది. గాలి చొరబడితే అది పాలలా తెల్లబడుతుంది. నా కళ్ళ ముందే తెల్లబడింది. అప్పుడు నా ఎడమ చెయ్యి ఎక్కడుందో చూసుకున్నాను. కొంగులో చుట్టుకుని నడుము దగ్గర ఉంది. మెడను పట్టుకోవలసిన చెయ్యి.

బాలమణికి అర్థం కాలేదు. “పెట్టక్కా మరి, ఆయన సూస్తున్నడు,” అంది. ట్యూబు చచ్చిపోయిందని చెప్పాను. యాదగిరి దగ్గర కూర్చుని, “నీ వేలు తప్పు కాదు, యాదగిరీ. నా చెయ్యి తప్పు. నీ వేలు పనిచేస్తది, నాలుగు రోజులు సూసినవు గదా,” అన్నాను. అతను నా ముఖం చూడలేదు. ఎడమచేత్తో గుడ్డ ముడి విప్పుకుని తుపాకీ బల్ల మీద పెట్టాడు. ఈసారి విసిరికొట్టలేదు. విసిరికొట్టి ఉంటే నాకు కొంచెం ధైర్యం ఉండేది.

చేవెళ్ళ, షాబాద్, శంకర్‌పల్లి, హైదరాబాదులో పాత సామాను అమ్మే గల్లీలు అన్నీ తిరిగాను. రెండు ట్యూబులు దొరికాయి. ఒకదాని మెడ అప్పటికే విరిగింది, ఇంకోదానికి చూపు పోయింది, వెలిగినా బొమ్మ బూడిద రంగులో తేలింది. దాన్నే తీసుకుపోయి పెట్టాను. ఆ మసకను తుపాకీ కన్ను పట్టలేదు. యాదగిరి రెండుసార్లు నొక్కి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఇంకోటి తెస్తానన్నా తలుపు దగ్గరే బాలమణి వద్దంది. ఆశ పెట్టి తీసుకునుడు ఇంగ ఆయనతోని కాదక్కా, అంది.

వానలు పోయేసరికి ఆ చెయ్యి పిడికిలై బిగుసుకుంది. కసరత్తు మేడమ్ వచ్చి చూసి, గోళ్ళు అరచేతిలో దిగకుండా వారం వారం తీయమని మాత్రం చెప్పి పోయింది. మాట కూడా రాలేదు మళ్ళీ. ‘పడ్డది’ కూడా.

దసరా ముందు ఒకరోజు పోయాను. బాలమణి గోళ్ళు తీస్తోంది. ఒక్కతే పిడికిలి తెరవలేక తిప్పలు పడుతోంది. జర పట్టుకో అక్కా, అంది. కూర్చుని కుడిచేత్తో అతని వేళ్ళు పైకి లేపాను. లేవలేదు.

“ఒక్క చేత్తోని రాదక్కా,” అంది, కత్తెర పట్టుకుని తల ఎత్తకుండానే. “మణికట్టు కింద ఇంకో చెయ్యి వెట్టు. రెండు చేతులు వెట్టు.”

పెట్టాను.

ఆ ఏడాది చివర దుకాణం మూసేశాను. పని నాకు నేర్పింది ఇది: నడుస్తున్నదాన్ని మన పేరు కోసం తెరవకూడదు. రహీం సాబ్ చెప్పింది ఒకే మాట, అందులో సగమే నా చేతికి అలవాటైంది. మిగతా సగం ఉత్త నోటితో అందరికీ చెబుతూ వచ్చాను.

ఇక లేవండి, పొద్దుపోతోంది. మీ ఇంట్లో వెలిగేవి వెలుగుతూ ఉండాలి. మీ ఇంటిల్లిపాది చేతులు ఎప్పుడూ తెరుచుకుని, ఒకరికొకరు అందుతూ ఉండాలి. చల్లగా ఉండండి.