వాగు అవతలికి ఉప్పులేని పులుసు

మా అత్తా నేనూ మనసు విప్పి మాట్లాడుకున్నది మా ఇద్దరి మధ్య వాగు ఉన్న ఆ నెల రోజులే. అంతకుముందు మూడేళ్లు ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నాం, ఒకే చాటలో జొన్నలు చెరిగాం. ఆమె చెప్పడం, నేను తలూపడం తప్ప మాట అన్నది లేదు. నేను అచ్చంపేట అవతల, అడవి అంచున పుట్టినదాన్ని. ఆమె పానగల్ పక్క మనిషి. నేను ఏం వండినా "అడివోళ్ల వంట" అని మూతి తిప్పేది. నా నోరు చిన్నదేమీ కాదు. కొత్తకోడలిని గనుక మూసుకుని ఉన్నాను, అంతే.

నిజాం సర్కారు చివరి రోజులు. ఆ చలికాలం మా ఊళ్లో ఇళ్ల దూలాల మీది నుంచి ఎలుకలు రాలిపడ్డాయి. అది ప్లేగు అని పసిపిల్లలకు కూడా తెలుసు. రెండు రోజుల్లో ఊరంతా ఇళ్లకు తాళాలు వేసి చేలల్లో గుడిసెలు వేసుకుంది. జ్వరం తగిలినవాళ్లు, చంకలోనో గజ్జలోనో గడ్డ లేచినవాళ్లు వాగు అవతలి గట్టుకు పోవాలి. సర్కారు దవాఖాన నుంచి సైకిలు మీద వచ్చిన సూది డాక్టరు అలా చెప్పి పోయాడు.

మా అత్తకు ఒకనాడు పొద్దున చంకలో నొప్పి అనిపించింది. ఎవరూ ఏమీ అనకముందే చాప చుట్టుకుని, చెంబు తీసుకుని, తనంతట తనే వాగు దాటింది. మా ఇంటాయన వెనక నుంచి "అమ్మా" అని పిలిస్తే తిరిగి చూడకుండానే, "ఆవంల కట్టెలు తడవకుంట సూస్కో" అంది. జ్వరంతో పోతున్న మనిషికి కట్టెల సంగతి. మేం కుమ్మరివాళ్లం మరి, కుండలు కాల్చే ఆవమే మా బతుకు.

అవతలి గట్టున ఏడెనిమిది గుడిసెలు లేచాయి. ఇవతల నుంచి వంతుల వారీగా ఇంటికింత వండి పంపాలని ఊరి పెద్దలు అనుకున్నారు. వాగు మధ్యలో ఒక వెడల్పాటి బండ ఉంది. దాని మీద అన్నం పెట్టి వెనక్కి వస్తే, అవతలివాళ్లు వచ్చి తీసుకుపోవాలి. బండ దాకా పోయి పెట్టి వచ్చే పనికి ఎవరు ముందుకు వస్తారా అని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, మా ఊరి దర్జీ సాయిబు లేచి నిలబడ్డాడు.

ఆయన గొంతు లేస్తే పక్క ఊళ్లో కుక్కలు మొరిగేవి. రోజంతా సూదితోనే బతికే మనిషి, డాక్టరు సూదికి మాత్రం భయపడి జొన్నచేలో దాక్కున్నాడు. నలుగురు పట్టుకొస్తే కళ్లు గట్టిగా మూసుకుని పొడిపించుకున్నాడు. ఆ తరవాత పదిరోజులు చేయి వాచిపోయి, "నాకు సూది పడ్డది, ఇగ యముడు గూడ నన్ను ముట్టడు" అని అందరికీ చూపించుకుని తిరిగాడు. మేమంతా ఆయన్ని సాయిబు మామా అనేవాళ్లం.

మొదటి రెండు రోజులు బాగానే జరిగింది. మూడోనాడు డాక్టరు వచ్చి బండ దగ్గర ఖాళీ గిన్నెలు చూసి గట్టిగా అరిచాడు. ఆ గిన్నెలు నిజంగా ఖాళీవి అయితే అంత అరిచేవాడు కాడేమో. ఒకదాంట్లో రేగుపళ్లు, ఒకదాంట్లో పిడికెడు అనపకాయలు, ఇంకోదాంట్లో రెండు పసుపు కొమ్ములు ఉన్నాయి. మా దగ్గర ఎవరింటి నుంచైనా కూర వస్తే ఆ గిన్నెను ఉత్తగా తిప్పి పంపరు. ఏదో ఒకటి వేసి పంపుతారు. ప్రాణం మీదికి వచ్చినా మా వాళ్లు ఆ మర్యాద మరిచిపోలేదు. గడ్డలు లేచిన చేతులతోనే రేగుచెట్లు వెతికి గిన్నెలు నింపారు. డాక్టరు ఆ గిన్నెలన్నీ ఉడుకునీళ్లలో మరిగించి, అందులోవి కాల్పించి, అవతలి నుంచి ఆకు ముక్క కూడా ఇటు రావద్దని చెప్పి పోయాడు.

ఇక వంటకు గిన్నెలు ఇచ్చేవాళ్లు లేరు. ఇస్తే తిరిగి రావు కదా. నార్కట్‌పల్లి అంగడి బందై మా ఆవం పక్కన ముంతలు ఊరికే పడి ఉన్నాయి. ఇదేదో మన వంతు అనిపించి, ఊరందరి వంటా మా ముంతల్లోనే పోనీ, తిరిగి రావాల్సిన పనే లేదు అన్నాను. మా ఇంటాయన సరే అన్నాడు. కోడలు నలుగురిలో మాట్లాడినందుకు ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సిన మనిషి వాగు అవతల ఉంది.

ఏ ఇంటి వంట ఏ గుడిసెకు పోయిందో సాయిబు మామ ఎవరికీ చెప్పలేదు. కొందరికి అది తెలుసుకోవాలని ఉండేది. ఎవరి చేతిది ఎవరు తినాలన్న పట్టింపులు వదల్లేదు ఇంకా. అడిగినవాళ్లందరికీ ఆయన ఒక్కటే చెప్పేవాడు.

"ముంతలన్ని ఒక్క ఆవంలయే గద."

వారం దాటాక అవతలి నుంచి మంచి కబురూ చెడ్డ కబురూ కలిసి వచ్చాయి. మా అత్తకు జ్వరం తగ్గింది, గడ్డ పగిలింది, బతికి బట్టకట్టినట్టే. కానీ మూడు రోజులుగా ఆమె అన్నం ముట్టడం లేదు. వచ్చిన ముంతను వచ్చినట్టే పక్క గుడిసెకు ఇచ్చేస్తోంది. లేచి నిలబడితే కాళ్లు వణుకుతున్నాయట. ఆ మాట చెప్పేటప్పుడు సాయిబు మామ గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా ఉంది. మా ఇంటాయన చేతిలోని మట్టి ముద్దను నలుపుతూ కూర్చుండిపోయాడు. నాకు భయం వేసింది. ఆ మనిషి మీద ప్రేమ ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

మర్నాడు నేనే గట్టుకు పోయాను. అవతల మా అత్త గుడిసె ముందు కూర్చుని ఉంది. ముఖం లాగేసి, సగం మనిషి అయింది. మెల్లగా అడిగితే వినపడదు కదా. కొంగు నడుముకు దోపి, పెళ్లయ్యాక మొదటిసారి మా అత్త మీద గొంతెత్తాను.

"ఎందుకు తింటలేవత్తా?"

"నా ఇష్టం."

"ఏమన్న బాగ లేదా?"

"ఉత్త ముంతలు గుడిసె ముంగట కూసొని నా మొకం జూస్తున్నయ్. ఏం బెట్టి పంపాలె? తీస్కొనుడే గని ఇచ్చుడు లేకపాయె. గట్ల తిని ఎట్ల బతుకుత?"

నిజమే, ఆమె గుడిసె ముందు ఖాళీ ముంతలు వరసగా బోర్లించి ఉన్నాయి. కడిగి, తుడిచి, ముగ్గు కూడా వేసినట్టుంది వాటి చుట్టూ. తీసుకోవడానికి మొహం చెల్లక ఆకలితో చావడానికి సిద్ధపడ్డ మనిషికి ఏం చెప్పాలో నాకు తోచలేదు. "నీ కొడుకు మొకం జూసన్న తిను" అని అరిచి, ఏడుపూ కోపమూ కలిసి వస్తుంటే ఇంటికి వచ్చేశాను.

ఆ కోపంలోనే పచ్చిపులుసు చేశాను. చింతపండు పిసికాను, ఉల్లిగడ్డ కోశాను, మిరపకాయ గిల్లివేశాను. ఉప్పు వేయడం మరిచాను. ఈ ముంత అత్తకేనని చెప్పి సాయిబు మామతో పంపాను. నేనూ వెనకే గట్టు దాకా పోయి నిలబడ్డాను.

మా అత్త తిననన్నట్టుగానే ముంతను పక్కన పెట్టింది. అయితే వంట చూడకుండా ఉండటం ఆమె వల్ల కాదు. వేలు ముంచి నాలుకకు రాసుకుంది. లేవలేని మనిషి లేచి నిలబడింది.

"గిది పులుసానే, బర్రెలకు వెట్టే కుడితా? ఉప్పేది?"

నా వెనక కట్టెలు మోస్తున్నవాళ్లు, నీళ్లకు వచ్చినవాళ్లు ఆగిపోయారు. వంటలో ఉప్పు మరిచిన కోడలిని చూడటానికి ఊళ్లో సగం మంది గట్టెక్కారు.

"మూడేండ్లాయె నా పొయ్యికాడ గూసొని. ఏం నేర్సినవ్? ఉల్లిగడ్డ పచ్చిది ఏస్తరా? నిప్పులల్ల వెట్టి పొట్టు నల్లగయ్యెదాక కాల్వాలె. మిర్పకాయ గూడ గట్లనే కాల్వాలె. రెండు గలిపి ఉప్పేసి చేత్తోనే నలపాలె. నువ్వులు దోరగ వేంచి దంచి ఆఖర్ల కలపాలె. చింతపండు ఉడుకు నీళ్లల్ల నానవెట్టొద్దు, సల్ల నీళ్లే. ఇంటున్నవానే?"

నేను నోరు తెరుచుకుని వింటున్నాను. ఈ పులుసు ఆమె నా వైపు వీపు పెట్టి చేసేది. నువ్వులు ఉన్నాయని నేను వాసనతో పట్టాను గానీ, ఎంత, ఎప్పుడు అన్నది మూడేళ్లు పక్కనే కూర్చున్నా చెప్పలేదు. ఇప్పుడు ఊరందరికీ వినపడేలా చెప్పేసి, ఆయాసంతో కూర్చుని, తిట్టుకుంటూనే ఆ కుడితిలో రొట్టె ముంచి తినేసింది.

సాయిబు మామ బండ దగ్గర నిలబడి ఇటూ అటూ చూశాడు. ఆయన బుర్ర ఆయన గొంతంత గట్టిది.

"అక్కా, ముంత ఉత్తగ రాలే. పులుసు ముచ్చట వచ్చింది గద. డాక్టరు సాబ్ ఆకు రావొద్దన్నడు గని మాట రావొద్దన్లే."

మా అత్త చెంగుతో మూతి తుడుచుకుని, "రేపు జొన్న గట్క వంపుమను, అదన్న వొస్తదో రాదో సూస్త" అంది.

ఆ మర్నాటి నుంచి నా కష్టాలు మొదలయ్యాయి. మరిచిపోవడం ఒక్కరోజు పని. రోజూ కావాలని పాడుచేయడానికి తెలివి కావాలి. ఒకనాడు ఉప్పు తగ్గించాను, ఒకనాడు గట్క మాడ్చాను, ఒకనాడు పుంటికూర, అదే గోంగూర, పులుపు లేకుండా చేశాను. పుంటికూరలో పులుపు లేకుండా చేయడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. ప్రతిరోజూ మా అత్త రుచి చూసి, లేచి నిలబడి, గట్టిగా తిట్టి, ఎలా చేయాలో చెప్పి, ముంత ఖాళీ చేసేది. రోజురోజుకూ ఆ తిట్లకు బలం వస్తుంటే నాకు లోపల ఎంతో హాయిగా ఉండేది.

కానీ నా పరువు మాత్రం వాగులో కలిసిపోయింది. ఆడవాళ్లు పొద్దుటే పని ముగించుకుని గట్టు మీద జాగా పట్టుకునేవాళ్లు. వాళ్ల ఇళ్లలో పులుసు కమ్మగా తయారైంది. నన్ను చూసి మాత్రం "పాపం, కుమ్మరోళ్ల కోడలికి గంజి గూడ కాచరాదట" అని జాలిపడేవాళ్లు. ఆ మాట ఎడ్లబండ్ల వాళ్ల వెంట నల్లమల దాకా పోయింది. మా అమ్మ ఎవరితోనో, "నేను గిట్లనే నేర్పిన్నా బిడ్డా, నా మొకం ఎక్కడ వెట్టుకోవాలె" అని కబురు పంపింది. నాకు వంట బాగా వచ్చు. ఆ సంగతి చెప్పుకోవడానికి లేదు. నేను ఏమిచ్చానని అడిగితే, ముంతల కంటే ముందు నా వంట పేరు ఇచ్చానని చెబుతాను.

చూసి చూసి అవతలివాళ్లంతా అదే దారి పట్టారు. ఒక ముసలాయన ముంత అందుకున్న ప్రతిసారీ మబ్బు చూసి వానా చలీ సంగతి చెప్పేవాడు. సగం తప్పేవి, అయినా అందరూ తలూపేవాళ్లు. ఒకావిడ ఇవతల ఉన్న తన పసిబిడ్డకు జోలపాట పాడి పంపేది. ఆమె పాడుతుంటే గట్టు మీద ఎవరూ మాట్లాడేవారు కాదు. అవతలి గుడిసెల్లో ఇద్దరు తిరిగి రాలేదు. వాళ్లు కన్నుమూసిన ఆ రెండు రోజులు మా అత్త నా వంటకు వంక పెట్టలేదు. ముంత అందుకుని, "తిన్న" అని మాత్రం అంది.

నెల దాటాక డాక్టరు సరేనన్నాడు. సాయిబు మామ అందరికీ కొత్త బట్టలు కుట్టి బండ మీద పెట్టాడు. వాగులో తలంటుకుని, పాతవి కాల్చేసి, ఆ బట్టలతో వాళ్లు ఇటు వచ్చారు. మా అత్త దగ్గరకు వచ్చింది. నెలరోజులు అరుచుకున్న మేం ఇద్దరం మూడడుగుల దూరంలో నిలబడి ఏం మాట్లాడాలో తెలియక నేల చూశాం.

ఆ రోజు మధ్యాహ్నం పచ్చిపులుసు చేశాను. ఆమె చెప్పినట్టే, ఒక్క పిసరు తప్పకుండా. ఉల్లిగడ్డ కాల్చాను, నువ్వులు దంచాను, ఉప్పు సరిగ్గా వేశాను. ఇక దాచాల్సిన పనేముంది, నాకూ వంట వచ్చని ఆమెకు తెలియాలి కదా అనుకున్నాను.

మా అత్త ఒక ముద్ద తింది. ఇంకొకటి తింది. నేను ఎదురు చూస్తున్నాను.

"ఉప్పు సరిపోయింది," అంది.

ఇంకో ముద్ద కలపబోయి చేయి కంచంలోనే ఆపింది. తరవాత మెల్లగా అంది.

"మరి నేనేం జెప్పాలె?"

ఆమె చేయి కడుక్కుని బయటికి పోయి ఆవం దగ్గర కూర్చుంది.

సాయంత్రం సాయిబు మామ ఆమెను చూడటానికి వచ్చి, పోతూ పోతూ నన్ను పక్కకు పిలిచాడు.

"బిడ్డా, నువ్వు వంట తప్పిచ్చుడు మొదలువెట్టిన నాలుగో దినం నుంచే మీ అత్త నాతోని ఉప్పు తెప్పిచ్చుకున్నది. బండ మీద ఆకుల వెట్టి పోయెటోన్ని. నువ్వు తప్పిచ్చిన కాడల్ల ఇంత కలుపుకొని తిన్నది. నీకు జెప్పొద్దని ఒట్టేయించుకున్నది."

అంటే అంతా తెలిసే నిలబడి తిట్టింది. తెలిసే తింది. ఆవం దగ్గర కూర్చున్న ఆ బక్క వీపును చూస్తే నాకు ఏడుపు వచ్చింది.

మర్నాడు పులుసులో ఉప్పు వేయలేదు. కంచం ముందు పెట్టి, పొయ్యి వైపు తిరిగి కూర్చున్నాను. వేలు ముంచి రుచి చూసిందో లేదో తెలియదు గానీ, కాసేపటికి వెనక నుంచి గొంతు లేచింది, మా మధ్య ఇంకా వాగు ఉన్నట్టే. ఉల్లిగడ్డ దగ్గర నుంచి మొదలుపెట్టి నువ్వుల దాకా అంతా మళ్లీ చెప్పింది. నేను తలూపుతూ విన్నాను. తరవాత ఆమె ఇరవై ఏళ్లు బతికింది. అన్నేళ్లూ మా ఇంటి పులుసులో ఉప్పు తక్కువే.