తెల్లవారకముందు తిన్న అన్నం

మా పక్కింటి మెకానిక్ మామ పోయాడు. గుంటూరు నుంచి కబురు తెచ్చిన మనిషి మాచర్లలో బస్సు దిగి, మా వీధి మొదట్లోనే ఆ మాట చెప్పేసి, ఇంటిదాకా రాలేక అరుగు మీద కూలబడ్డాడు.

వాళ్లు ముస్లింలు, మేము హిందువులం. అయినా నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన మామ, ఆవిడ అత్త. నాపరాళ్ల లారీ ఏది మొరాయించినా మామ దగ్గరకే వచ్చేది. బీడీ పంటికింద పెట్టి ఇంజను చప్పుడు వినేవాడు. "బండి అబద్ధం చెప్పదురా అల్లుడూ, డ్రైవరే చెప్తాడు" అనేవాడు.

ఆ బీడీలకే కాలి రక్తనాళాలు మూసుకుపోయాయి. బొటనవేలి పుండు మానలేదు. గుంటూరు పెద్దాసుపత్రిలో డాక్టర్లు, బోర్లా పడుకోబెట్టి, నడుం దగ్గర పెద్ద రక్తనాళంలోకి సూది దించి, రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తామన్నారు. దారి కనబడితే ఆపరేషన్‌తో కాలు నిలబెట్టొచ్చట. మనిషి కదలకూడదు కాబట్టి పూర్తి మత్తు ఇవ్వాలి. అత్తకి తోడుగా నేనూ వెళ్లాను.

"రేపు పొద్దున్నే పరీక్ష. కడుపు ఖాళీగా ఉండాలి" అంది నర్సు.

"రోజాలుండేవాణ్ణి, నాకిదొక లెక్కా?" అని నవ్వాడు మామ.

రంజాన్‌లో ఉపవాసం ఉన్నట్టే ఉన్నాడు పాపం. తెల్లవారకముందే అత్త ఆసుపత్రి వరండాలో స్టవ్వు వెలిగించి అన్నం, కోడికూర వండిపెట్టింది. నేను లేచేసరికి గిన్నెలు కడిగేసి ఉన్నాయి.

"ఎప్పుడు తిన్నావయ్యా?" అని మత్తు డాక్టరమ్మ అడిగింది.

"తెల్లారకముందేనమ్మా. అప్పట్నుంచి ఉమ్ము గూడా మింగలా" అన్నాడు మామ, మెచ్చుకుంటుందని చూస్తూ.

ఆవిడ సూది పక్కన పెట్టేసింది. "కడుపులో అన్నం ఉండగా మత్తిస్తే అది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రాణమే పోతుంది" అంది. నిజమే చెప్పింది. ఆవిడ మీద నాకు కోపం లేదు. కోప్పడటానికి ఎవరైనా దొరికితే బాగుండేది.

మళ్లీ వంతు వచ్చేలోగా పాదం నల్లబడింది. ఇక పరీక్షతో పనిలేదని మోకాలి పైకి తీసేశారు. విషం అప్పటికే ఒంట్లోకి పాకింది. ఆ చివరి రోజుల్లో, నేను ఊరికి బయలుదేరేదాకా, అత్త కలిపిన ప్రతి ముద్దకీ, "ఏమే, ఇది తినొచ్చా?" అని భయంగా అడిగేవాడు.

ఇప్పుడు రంజాన్ నెల. తెల్లవారకముందే వీధిలో పొయ్యిలు వెలుగుతున్నాయి. నిన్న ఆ వేళకే మా అమ్మ అత్తకి అన్నం తీసుకెళ్లింది.

"ఆ టయానికి నేను తినను వదినా. ఎవురికీ పెట్టను గూడా" అంది అత్త.

ఏమీ తినకుండానే రోజా ఉంటోంది. మా కిటికీలోంచి చూస్తే ఆ ఇంట్లో దీపం వెలుగుతూ ఉంటుంది. అజాన్ వినబడేదాకా, చల్లారిన పొయ్యి ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటుంది.